అత్తగారి పొయ్యి

మా కాలవ ఊళ్ళో మనుషులెవరికీ లేనంత పేరు ఒక కారుకు ఉంది. అందరూ దాన్ని "అత్తగారి పొయ్యి" అంటారు. 1964లో రిజిస్టరైన లేత నీలం బీటిల్. నలభై ఏళ్ళకు పైగా దాని యజమాని ఫోల్కర్ట్ కొట్టంలో టార్పాలిన్ కప్పుకొని పడి ఉన్నా, ఏటా జనవరిలో రోడ్డు మీద బంతులు దొర్లించి ఆడే మా బోసెల్ క్లబ్బు ఇచ్చే కేల్ ఆకుకూర విందుకు మాత్రం తప్పకుండా బయటికొచ్చేది. వచ్చేది కారు కాదు, దాని కథ. ఫోల్కర్ట్ లావుపాటి అత్తగారు వెనక సీట్లో కూర్చుంటే ఆ బరువుకు కారు అంటుకుందని కథ. రెండో గ్లాసు సారా కడుపులో పడేసరికి మా క్లబ్బులో హార్మ్ లేచి చెప్పేవాడు, అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. హార్మ్‌కు జ్వరం వచ్చిన ఏడు నేనే చెప్పాను కూడా. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నా, తర్వాత దొరికిపోవడం నాకిష్టం ఉండదు.

నా పేరు ఫెన్నా. సోఫాలు, కుర్చీలు, పాత కార్ల సీట్లు కుట్టి బతికాను. అరవై ఆరేళ్ళు వచ్చాయి, పని మానేశానని బోర్డు కూడా తీసేశాను. అయినా ఒక అక్టోబరు పొద్దున ఫోల్కర్ట్ తోపుడు బండి మీద కారు వెనక సీటు వేసుకుని నా గుమ్మంలో దిగాడు.

ఫోల్కర్ట్‌కు డెబ్బై ఎనిమిది. ఎమ్డెన్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ముప్పై ఎనిమిదేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. పొడుగు మనిషి, పని చక్కగా చేస్తాడు, నోరు విప్పడు. మా వైపు ఎవరూ పెద్దగా మాట్లాడరు. అలాంటి చోట కూడా "ఆయనకు మాటలు తక్కువ" అనిపించుకున్నాడంటే ఎంత తక్కువో చూసుకోండి.

"ఏం పిల్లా, చేతులు ఇంకా ఆడుతున్నాయా?" అన్నాడు. నాకు మనవలు పుట్టినా ఆయనకు నేను పిల్లనే.

"నీ నోటి కన్నా బాగానే ఆడుతున్నాయి. ఏంటిది, పొయ్యి సీటా?"

ఆ పేరు వినగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎప్పుడూ అలాగే తిప్పుకునేవాడు. సిగ్గరి మనిషి, పెళ్ళాం తల్లి మీద జోకు కదా అనుకునేవాళ్ళం మేం.

"గుడ్డ, పీచు అంతా కొత్తది వెయ్యాలి. జనవరి లోపల అయిపోవాలి. పాత కారు ప్లేటు తెస్తున్నా దానికి" అన్నాడు.

ముప్పై ఏళ్ళు దాటిన కారు పుట్టినప్పటి రూపంలో ఉంటే చివర H అక్షరం వేసి ఒక ప్లేటు ఇస్తారు మాకు. అది ఉంటే పన్ను తక్కువ, పరువు ఎక్కువ. ఈ వయసులో ఆయనకు ఆ పరువెందుకో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను.

తోపుడు బండి పిడి పట్టుకునే అన్నాడు. "హిల్కా ఎక్కాలి అందులో. వెనక సీట్లో. ఒక్కసారైనా ఎక్కాలి, నేను పోయేలోపు."

హిల్కా ఆయన భార్య. ఆ మంటలు వచ్చిన రోజు ఆమె వెనక సీట్లో తన తల్లి తాల్కే పక్కనే కూర్చుని ఉంది. 1971 జూన్ నుంచి హిల్కా ఆ కారు గుమ్మం తొక్కలేదు. భర్తతో పోట్లాడిందీ లేదు, అలిగిందీ లేదు. కారులోకి మాత్రం ఎక్కలేదు. సైకిలు మీద వెళ్ళేది, బస్సెక్కేది. ఆయన ఎనిమిదేళ్ళు ఒంటరిగా నడిపి, చివరికి తనకే విసుగొచ్చి టార్పాలిన్ కప్పేశాడు. ఆ తర్వాత కొన్న కార్లన్నిట్లో ఆమె ముందు సీట్లో హాయిగా కూర్చుంది.

ఆ శరదృతువంతా నేను వాళ్ళ కొట్టానికి వెళ్ళి వస్తూ ఉన్నాను. సీటు కొలతలు చూడాలని ఒక వంక, పని చూడాలని అసలు కోరిక. బీటిల్‌కు బ్యాటరీ ఉండేది వెనక సీటు కింద, కుడి వైపు. దానికి ఇంజిను వెనక, డిక్కీ ముందు. ఫోల్కర్ట్ మాత్రం బ్యాటరీని ఆ డిక్కీలో, స్పేరు చక్రం పక్కన పెడుతున్నాడు. అక్కడ ఒక పాత తట్ట అంతకుముందే బిగించి ఉంది, తుప్పు పట్టింది. పాల క్యాన్లకు కట్టే తోలు పట్టీ ఒకటి దానికి వేలాడుతోంది.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాను.

"ఎప్పుడో" అన్నాడు. అది జవాబు కాదని నాకప్పుడు తట్టలేదు.

పట్టీ పీకేశాడు. మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకుతో కొత్త తట్ట చేశాడు, నాలుగు అంచులూ పైకి మడిచాడు. నాలుగు బోల్టులు, కింద వెడల్పాటి వాషర్లు. బ్యాటరీ మీద ఒక ఇనుప చట్రం, దాన్ని రెండు వైపులా పొడుగు మరల కడ్డీలతో కిందికి బిగించాడు. పెట్రోలు ట్యాంకు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి తీగలు తగిలించే రెండు కొసల మీదా రబ్బరు టోపీలు. బ్యాటరీలోంచి వచ్చే గాలి డిక్కీలో నిలవకుండా సన్నటి గొట్టం ఒకటి నేల కిందికి దించాడు. ముందు నుంచి వెనక ఇంజిను దాకా బొటనవేలు లావు కేబులు. కేబులు రేకులో దూరే ప్రతి చోటా రబ్బరు చుట్టు, జానెడుకొక క్లిప్పు. బ్యాటరీ పక్కనే ఒక పెద్ద ఫ్యూజు. చట్రం బిగించాక రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. బ్యాటరీ కదల్లేదు, కారు ఊగింది. మళ్ళీ ఊపాడు.

"పెళ్ళికూతుర్ని పంపిస్తున్నావా ఏంటి, ఇన్ని జాగ్రత్తలు?" అన్నాను. "అసలీ తిప్పలన్నీ దేనికి? ఉండాల్సిన చోటే పెట్టు, సీటు కింద. ఫ్యాక్టరీలో పెట్టినట్టే ఉంటే ప్లేటు ఇచ్చేవాడు కూడా ఒక్క ప్రశ్న అడగడు."

"మనిషి కూర్చునే చోట పెట్టను."

"సరైన బ్యాటరీ పెట్టి పైన మూత వేస్తే ఏమవుద్ది? లక్షల మంది కూర్చున్నారు దాని మీద."

"పెట్టను అన్నానుగా."

అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సరే ముసలాయనా నీ ఇష్టం అని ఊరుకున్నాను.

పని అయ్యాక హిల్కా టీ ఇచ్చేది. మా వైపు టీ అంటే మూడు కప్పులు తప్పవు. పటికబెల్లం పలుకు మీద వేడి టీ పోస్తే చిటపటమంటుంది, పైన ఒక చుక్క మీగడ. చెంచా సాసర్లో ఉన్నంతసేపూ ఇంటావిడ పోస్తూనే ఉంటుంది. ఇక చాలు అనాలంటే చెంచా కప్పులో పెట్టాలి. అంతే, నోటితో చెప్పక్కర్లేదు. ఫోల్కర్ట్ ఎప్పుడు కారు మాట ఎత్తినా, "ఈ రోజు కేబులు లాగాను హిల్కా" అన్నాడంటే చాలు, హిల్కా చెంచా తీసి తన కప్పులో పెట్టేసేది. మొదటి కప్పయినా సరే. అక్కడితో టీ అయిపోయేది, మాటా అయిపోయేది. ఆయన లేచి కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. యాభై ఏళ్ళ కాపురంలో ఒక ఆడమనిషి ఒక్క చెంచాతో ఇంత చెప్పగలదని నేను అక్కడే చూశాను.

నవంబరు చివర్లో సీటు విప్పడం మొదలుపెట్టాను. పై గుడ్డ కోశాను, కింద నల్లగా ముక్కిపోయిన కొబ్బరి పీచు. అది లాగేస్తే స్ప్రింగుల చట్రం బయటపడింది. మంటలకు కాలిన ఆ చట్రాన్నే తుడిచి, కొత్త పీచు వేసి మళ్ళీ వాడేశారన్నమాట. మాకు ఏదీ పారేసే అలవాటు లేదు. కుడి వైపు రెండు స్ప్రింగుల అడుగున ఇనుము కరిగి బఠాణీ గింజంత ముద్దలు కట్టి ఉంది. వాటి మధ్య దూరం చూశాను, బ్యాటరీ రెండు కొసల మధ్య ఎంతుంటుందో సరిగ్గా అంతే ఉంది. ఒక స్ప్రింగు చుట్టలో ఇరుక్కుని అరచేతిలో సగమంత లినోలియం ముక్క కనిపించింది. ఆకుపచ్చ, తెల్ల గళ్ళు. అది నేను ఎరుగుదును. హిల్కా వంటింటి నేల అది, ఆమె కాపురానికి రాకముందు నుంచీ ఉంది, చిన్నప్పుడు మా అమ్మతో వెళ్ళినప్పుడు ఆ గళ్ళ మీద తొక్కుడుబిళ్ళ ఆడుకున్నదాన్ని.

నేను ముప్పై ఏళ్ళలో అలాంటి సీట్లు కనీసం నలభై కుట్టి ఉంటాను. సరైన బ్యాటరీ అయితే మీద ఏనుగు కూర్చున్నా స్ప్రింగు కొసలకు తగలదు, పైన రేకు మూత ఉంటుంది కాబట్టి. ఇక్కడ మూత ఉండాల్సిన చోట వంటింటి లినోలియం ఉంది. బ్యాటరీ పొడుగైందని, మూత పట్టలేదని, దాని మీద ఎవరో ఈ ముక్క పరిచారని చట్రం చూస్తేనే తెలిసిపోతోంది. తాల్కే బరువుకూ దీనికీ సంబంధం లేదు.

లినోలియం ముక్క జేబులో వేసుకుని తిన్నగా కొట్టానికి వెళ్ళాను. ఆయన డిక్కీలోకి వంగి ఉన్నాడు. ముక్క తీసి కొత్త బ్యాటరీ మీద పెట్టాను.

దాన్ని చూశాడు. తర్వాత తలకిందులుగా ఉన్న బకెట్ మీద కూలబడ్డాడు.

"చలికాలం పొద్దున్నే స్టార్టయ్యేది కాదు" అన్నాడు. "యార్డులో ఒక చిన్న పడవ నుంచి తీసిన బ్యాటరీ ఉంది. మంచి బలమైంది. నాలుగు సెంటీమీటర్లు ఎత్తెక్కువ. మూత పట్టలేదు. లినోలియం వేశా, కరెంటు దాటదుగా అనుకున్నా. సీటు మీద కూర్చుని చూశా నేను. ఎగిరి ఎగిరి కూర్చున్నా. ఏమీ కాలేదు."

"నువ్వప్పుడు గెడకర్రలా ఉండేవాడివి" అన్నాను.

"అవును. హిల్కా కూడా."

ఆ రోజు ఏం జరిగిందో మొదటిసారి ఆయన నోటి నుంచి విన్నాను. పెళ్ళయి ఆరు వారాలు. తాల్కే కూతురి కోసం గులాబీ పువ్వుల టీ సెట్టు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. కాలవ వంతెన గూని మీద కారు ఒక్కసారి ఎగిరి పడింది. కాసేపటికి పొగ. రెండు తలుపుల కారు కదా, ముందు కూర్చున్న మామగారు దిగితే గానీ, ఆ సీటు ముందుకు వంచితే గానీ వెనకవాళ్ళు దిగలేరు. ఆయన చేతులు వణికి సీటు వంగలేదు. తాల్కే బయట పడేసరికి తొడ వెనక అరచేయంత మేర కాలింది. టీ సెట్టు ముక్కలైంది. కాలవ గట్టున జనం బకెట్లతో నీళ్ళు పోస్తూ ఏమైందిరా, ఏమైందిరా అని అడిగారు.

"అప్పుడన్నా" అన్నాడు ఫోల్కర్ట్. "అత్తగారు బరువుగా కూర్చున్నారు, అని. అంతే అన్నా. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది పిల్లా, తడిసిన గౌను పట్టుకుని. నేనింక నోరు తెరవలేకపోయా."

నాకు తాల్కే గుర్తుంది. బడిలో మాకు సూపు వండి పోసేది. ఆ వేసవి తర్వాత ఆవిడ ఎవరి కారూ ఎక్కలేదు. మనవడి బాప్తిస్మానికి చర్చి తొమ్మిది కిలోమీటర్లు, వాన పడుతోంది, కారు పంపిస్తామంటే "వద్దులే, మళ్ళీ ఎవరి కారో తగలబెడతాను" అందట. వెళ్ళలేదు. కేల్ విందుకు రావడం మానేసింది. 1983లో పోయినప్పుడు శవపేటిక మోయడానికి ఆరుగురు చాలరు, ఎనిమిది మంది కావాలని ఎవడో అన్నాడు. ఆ మోసేవాళ్ళలో ఫోల్కర్ట్ కూడా ఉన్నాడు. కిమ్మనలేదు.

"హిల్కాకు తెలుసా?" అన్నాను.

"తెలీదు. తెలిస్తే ఉండేదా నాతో?"

"చెప్పు మరి."

"ప్లేటు రానీ. కారు రెడీ అవనీ. దాని ముందు నిలబెట్టి చెప్తా."

పిరికివాడు అనుకున్నాను. పైకి అనలేదు, ఎందుకంటే ఆ కథ నేనూ చెప్పానని అప్పుడే గుర్తొచ్చింది. ఇంటికొచ్చి సీటు కుట్టాను. అంత శ్రద్ధగా ఇంకే సీటూ కుట్టలేదు నేను.

డిసెంబరు రెండో వారంలో కారు ట్రైలర్ మీద ఔరిష్ పట్నానికి తనిఖీకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. సీబెల్స్ అని తనిఖీ చేసే ఆయన, ముప్పై అయిదేళ్ళుంటాయి. మర్యాదస్తుడు, కన్ను మాత్రం డేగ కన్ను. డిక్కీ తెరిచి బ్యాటరీ పట్టుకుని ఊపాడు. టార్చి వేసి కేబులు వెంట కారు కిందంతా పాకాడు.

"ఇంత శుభ్రంగా బిగించిన బ్యాటరీ ఈ ఏడాదిలో చూడలేదండీ" అన్నాడు. ఫోల్కర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "కానీ ఇది ఉండాల్సింది ఇక్కడ కాదు కదా. ఈ మార్పు ఎప్పుడు చేశారు? కారు రిజిస్టరైన మొదటి పదేళ్ళలో చేసిందైతే నేను ఒప్పుకుంటాను. 1974 లోపల. దానికి ఏదైనా కాగితం ఉందా?"

ఫోల్కర్ట్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "అప్పటిదే. డెబ్బై ఒకటి."

"కాగితం?"

"ఉండేది. పోయింది."

"ఎందుకు మార్చారో చెప్తారా? అప్పటి సాక్షులెవరైనా ఉంటే రాసిచ్చినా చూస్తాను."

ఫోల్కర్ట్ నేల చూపులు చూస్తూ, "గుర్తులేదు" అన్నాడు.

నేను పళ్ళు కొరికాను. సీబెల్స్ మంచివాడు, గడువిచ్చాడు. "ఫిబ్రవరి దాకా టైముంది. కాగితం దొరికితే తీసుకురండి. లేదంటే తీసి వెనక సీటు కింద పెట్టండి, మధ్యాహ్నం ఒక్క పూట పని, వెంటనే ప్లేటు ఇచ్చేస్తాను."

ఊరు దగ్గర పడ్డాక నేనే అన్నాను. "ఇప్పుడేం చేస్తావ్? సీటు కింద పెడతావా?"

"పెట్టను."

"అయితే ప్లేటు రాదు. రాకపోతే హిల్కాకు చెప్పవు. ఇంకో యాభై ఏళ్ళు బతుకుతావా ఏంటి నువ్వు?"

ఇంటికి చేరేసరికి టీ వేళ. హిల్కా మూడు కప్పులు పెట్టింది. పటికబెల్లం చిటపటమంది. ఫోల్కర్ట్ ఒక్కసారిగా అన్నాడు.

"హిల్కా, కారు."

ఆమె చెయ్యి చెంచా మీదికి వెళ్ళింది.

"మీ అమ్మ వల్ల కాదు అది" అన్నాడు. "బ్యాటరీ పొడుగైంది. మూత వెయ్యలేదు నేను. తెలిసే వెయ్యలేదు. గట్టు మీద ఆ మాటన్నదీ నేనే."

చెంచా పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. హిల్కా దాన్ని కప్పులో పెట్టలేదు. మెల్లగా తిరిగి సాసర్లో పెట్టి, లేచి, అల్మరా పై అరలోంచి సత్తు టీ డబ్బా ఒకటి దించింది. అందులో ఒక టీ కప్పు విరిగిన పిడి ఉంది, దాని మీద సగం గులాబీ పువ్వు. పిడి కింద నాలుగు మడతల కాగితం. విప్పి బల్ల మీద సాఫు చేసింది. 1971 ఆగస్టులో ఇదే ఔరిష్ తనిఖీ వాళ్ళు ఇచ్చిన కాగితం అది. కారు బాగు చేశాక ఇచ్చింది. బ్యాటరీ ముందు డిక్కీలోకి మార్చడమైనది, బిగింపు సరిగా ఉన్నది. దాని కింద ఇంకో వాక్యం. మునుపటి బ్యాటరీ నిర్ణీత ఎత్తు కన్నా నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ, మూత లేదు, అగ్నిప్రమాదానికి అదే కారణం.

ఫోల్కర్ట్ మొహం సున్నం కొట్టినట్టయింది. "ఇది పొయ్యి దగ్గర బకెట్లో పడేశా నేను."

"నేను తీశా" అంది హిల్కా. "పొయ్యిలో వెయ్యకుండా బకెట్లో ఎందుకు పడేశావో అప్పుడు అర్థం కాలా నాకు. నువ్వే మళ్ళీ వెతుక్కుంటావనుకున్నా. ఇవాళ వెతుకుతాడు, రేపు వెతుకుతాడు అనుకుంటూ ఉన్నా."

"యాభై ఒక్క ఏళ్ళు ఎందుకు అడగలేదు నన్ను?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

ఆ వంటింట్లో నేను ఉండాల్సిన మనిషిని కాదు. లేవబోతే హిల్కా నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉండు ఫెన్నా. నువ్వూ ఆ విందుల్లో ఉన్నావుగా, నీ పని కూడా ఉంది."

ఫోల్కర్ట్ కాగితం వైపు చెయ్యి చాపాడు. హిల్కా దాన్ని మడిచి మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

"నాకు చెప్పాల్సిన పని లేదు, నాకు తెలుసు. అమ్మను చూసి నవ్వింది నేను కాదు. వాళ్ళకి చెప్పు, క్లబ్బులో. హార్మ్‌కి చెప్పు. ముందు మా అమ్మ పేరు, తర్వాత నీ నంబరు ప్లేటు."

తర్వాత రెండో కప్పు, మూడో కప్పు పోసింది. ముగ్గురం తాగాం. ఆ టీ ఉప్పగా ఉందో తియ్యగా ఉందో నాకు తెలీలేదు.

కేల్ విందు జనవరి మూడో శనివారం. పొద్దున్నే రోడ్డు మీద బంతులు దొర్లించుకుంటూ, కాలవలో పడినవాటిని గెడకు కట్టిన బుట్టతో తీసుకుంటూ, తోపుడు బండిలో సీసాలు నెట్టుకుంటూ ఆరు కిలోమీటర్లు నడిచాం. మధ్యాహ్నానికి హోటలు హాల్లో వేడి వేడి కేల్ కూర, పింకెల్ సాసేజి, బంగాళాదుంపలు. అరవై మంది ఉన్నాం. పదిహేనేళ్ళుగా ఈ విందుకు రాకుండా ఇంట్లోనే ఉండిపోయే హిల్కా ఈసారి వచ్చి గోడ పక్కన కూర్చుంది. నా పక్కన కూర్చున్న ఫోల్కర్ట్ ఒక్క ముద్ద కూడా తినలేదు. నడుస్తున్నంతసేపూ వెనక్కి తిరిగి ఇంటికి పోతాడేమోనని నేను ఆయన కోటు పట్టుకునే నడిచాను.

రెండో గ్లాసు అయ్యాక హార్మ్ లేచాడు. "అయితే ఇక మన పొయ్యి సంగతి..."

"కూర్చో హార్మ్" అన్నాడు ఫోల్కర్ట్. "ఈ ఏడు నేను చెప్తా."

హాలంతా ఉత్సాహంతో బల్లలు చరిచింది. యాభై ఏళ్ళలో ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు మరి. ఆయన లేచి నిలబడ్డాడు. జేబులోంచి లినోలియం ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను పడవ బ్యాటరీ ఒకటి పెట్టా కారులో" అన్నాడు. అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు కొందరు. "అది పొడుగైంది." ఇంకా నవ్వారు. "మూత పట్టలేదు. పైన వంటింటి లినోలియం వేశా." వెనక బల్ల దగ్గర ఎవరో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఫోల్కర్ట్ ఆగలేదు, గొంతు పెంచలేదు. "స్ప్రింగులు తగిలి అంటుకుంది. ఎవరు కూర్చున్నా అంటుకునేది. మా అత్తగారు కూర్చుంది. ఆవిడ కాలింది. నేను తప్పించుకోడానికి ఆవిడ బరువు మీద పెట్టా. మీరు నవ్వారు, నేను నవ్వనిచ్చా. ఆవిడ చచ్చేదాకా నవ్వనిచ్చా. ఆవిడ పెట్టె మోస్తూ కూడా ఊరుకున్నా."

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

హార్మ్ నిలబడే ఉన్నాడు. పాపం, ఏం చెయ్యాలో తెలీక గ్లాసు అటూ ఇటూ మార్చుకున్నాడు. "మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు చెప్పనిచ్చావ్?"

"నువ్వు చెప్తుంటే నేను చెప్పక్కర్లేకపోయింది" అన్నాడు ఫోల్కర్ట్.

నేను లేచాను. "నేనూ చెప్పాను ఆ కథ. తొంభై ఎనిమిదిలో. హిల్కా, నన్ను క్షమించు." అనుకున్నంత తేలిక కాలేదు. హార్మ్ గ్లాసు బల్ల మీద పెట్టి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, హిల్కా ముందు టోపీ తీశాడు. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. హిల్కా తల ఊపింది. కొంతమంది మాత్రం మొహం చిట్లించుకుని కోట్లు వేసుకుని వెళ్ళిపోయారు. మంచి జోకు పాడుచేశాడని తర్వాత అన్నారట. అననివ్వండి.

సోమవారం పొద్దున ఫోల్కర్ట్ లేచేసరికి బల్ల మీద టీ కప్పు పక్కన ఆ కాగితం ఉందట. సీబెల్స్ దాన్ని రెండుసార్లు చదివాడు, రెండో వాక్యం దగ్గర ఒకసారి ఫోల్కర్ట్ మొహం చూశాడు, ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు.

మార్చిలో ఒక ఎండ కాసిన ఆదివారం కారు ఇంటి ముందు నిలిచింది. హిల్కా కోటు వేసుకుని వచ్చి కుడి తలుపు తీసింది, మా కార్లలో డ్రైవరు కూర్చునేది ఎడమ వైపు. ముందు సీటు వంచడానికి ఫోల్కర్ట్ వంగితే ఆయన చేతులు వణికాయి. ఆమె ఆయన్ని పక్కకు జరిపి తానే వంచి, వెనక ఎక్కి, కుడి వైపు కూర్చుంది. అది ఆమె కూర్చున్న వైపు కాదు, ఆమె తల్లి కూర్చున్న వైపు. నేను ముందు ఎక్కాను. ఫోల్కర్ట్ ఇంటి చుట్టూ ఒక్క రౌండు అనుకున్నాడు.

"చర్చికి పోనీ" అంది హిల్కా.

తొమ్మిది కిలోమీటర్లు. కాలవ వంతెన గూని మీద ఆయన ఎంత నెమ్మదిగా నడిపాడంటే వెనక ట్రాక్టరు వాడు హారను కొట్టాడు. నా వీపుకు ఆమె మోకాళ్ళు బిగుసుకోవడం తెలిసింది. వంతెన దాటాక అవి వదులయ్యాయి.

చర్చి పక్కన శ్మశానం ముందు ఆపి ఫోల్కర్ట్ తలుపు తీశాడు. హిల్కా దిగలేదు.

"నువ్వెళ్ళు. క్లబ్బులో చెప్పినట్టే చెప్పు. ఏమీ వదిలిపెట్టకు" అంది.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, గేటు తోసుకుని, రాళ్ళ మధ్య నడుచుకుంటూ తాల్కే సమాధి దగ్గర ఆగాడు. గాలికి తెల్ల జుట్టు లేస్తోంది. పెదవులు కదలడం మాకు కారులోంచి కనిపించింది. చాలాసేపు కదిలాయి. నా కళ్ళ నీళ్ళు నేను తుడుచుకోలేదు, తుడిస్తే హిల్కాకు తెలిసిపోతుందని.

వెనక నుంచి సీటు మీద అరచేత్తో నిమిరిన చప్పుడు వినిపించింది.

"మెత్తగా కుట్టావు ఫెన్నా" అంది హిల్కా. "అమ్మకి హాయిగా ఉండేది."